బాతు పంతులమ్మకు ఈత ట్రైనింగు

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న బడి ఉండేది. అడవి పెద్దది కాబట్టి అందులో కష్టాలు కూడా పెద్దవే. ఆ కష్టాలన్నిటికీ బడే కారణమని అందరూ అనుకునేవారు. చిన్నవాళ్ళ మీదికి తప్పు నెట్టడం ఎక్కడైనా సులువే కదా.

బడి సుద్దవాగు ఒడ్డున ఉండేది. అక్కడ ఈత నేర్పేది హంసవేణి. పేరులో హంస ఉన్నా ఆవిడ బాతు. ఆ మాట ఎవరైనా ఎత్తితే చాలు, "మా అమ్మ ముచ్చటపడి పెట్టుకుంది, నీకేం నొప్పి?" అని మీదికొచ్చేది.

పంతులమ్మగా ఆవిడ మరీ మంచిదీ కాదు, మరీ చెడ్డదీ కాదు. పొద్దున్నే పిల్లల్ని ఒడ్డున వరసగా నిలబెట్టి, తను నీళ్ళలోకి జారి, "రండర్రా" అనేది. వచ్చినవాళ్ళు వచ్చేవాళ్ళు. రానివాళ్ళను వెనకనుంచి ముక్కుతో పొడిచేది. ఎండెక్కగానే రెల్లుపొదలో దూరి కునుకు తీసేది. ఏడాది గడిచేసరికి పిల్లల్లో కొందరు తేలేవారు. తేలనివాళ్ళు తేలేవాళ్ళ తోకలు పట్టుకునేవారు.

ఆ అడవిలో ఈత రాకపోతే బతుకు కష్టం. వానలు ముదిరితే సుద్దవాగు పొంగి పల్లమంతా ముంచేస్తుంది. అప్పుడు చిన్నా పెద్దా అందరూ ఈదో, ఈదేవాళ్ళ వీపెక్కో అవతలి మెట్టకు చేరాలి. వరద తీసేదాకా అక్కడే కాపురం.

ఒక ఏడు వాగు దాటేటప్పుడు ఘోరం జరిగింది. సింహరాజుగారి కొడుకు, అంటే యువరాజు, దున్నపోతు వీపు మీద కూర్చుని దాటబోయి నట్టనడుమ జారిపడ్డాడు. దున్నపోతు కొమ్ములతో ఎత్తి ఒడ్డున పడేశాడు కాబట్టి ప్రాణం దక్కింది. కానీ మర్నాడు నిండుసభలో యువరాజు దగ్గీ దగ్గీ బతికున్న చేపపిల్లనొకదాన్ని కక్కాడు. అది సింహాసనం మీద ఎగిరెగిరి పడింది.

సభలో ఎవరూ నవ్వలేదు. నవ్వకుండా ఉండటానికి కోతులు ఒకదాని నోరు ఒకటి మూసుకోవలసి వచ్చింది.

"ఎవరిదీ తప్పు?" అని గర్జించాడు రాజు.

ఎలుగుబంటి, వానది అన్నాడు. తోడేలు, వాగుది అన్నాడు. దున్నపోతు తన వీపు మరీ నునుపని ఒప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

అప్పుడు విద్యామంత్రి జంబుకేశ్వరరావు లేచాడు. ఆయన నక్క. తోక దులుపుకుని, గొంతు సవరించుకుని, "తప్పు పంతుళ్ళది ప్రభూ" అన్నాడు.

సభంతా "అమ్మయ్య" అనుకుంది. ఆ సభలో పంతుళ్ళెవరూ లేరు మరి.

"హంసవేణి ఎక్కడ ట్రైనింగు అయింది?" అని అడిగాడు రాజు.

"ఎక్కడా కాలేదు ప్రభూ. గుడ్డులోంచి వచ్చింది, నేరుగా నీళ్ళలోకి దిగింది."

"అయ్యయ్యో! మధ్యలో ఏమీ లేదా?"

"ఏమీ లేదు ప్రభూ. సర్టిఫికెట్ లేని బాతు చేతుల్లో మన బిడ్డల్ని పెట్టాం."

రాజు గుండె మీద పంజా వేసుకున్నాడు. "మిగతా అడవుల్లో గురువుల్ని ఎలా తయారుచేస్తారు?"

జంబుకేశ్వరరావు ఈ ప్రశ్న కోసమే పుట్టినట్టు ఉన్నాడు. "వెళ్ళి చూసి రావాలి ప్రభూ. దూరం. అయినా అడవి కోసం తప్పదు. మా ఆవిడా, మా బావమరిదీ కూడా ఎంతో త్యాగం చేసి నాతో వస్తామంటున్నారు."

ముగ్గురూ త్యాగానికి బయల్దేరారు. చలికాలమంతా గడిచి ఎండలు మొదలయ్యాక ముగ్గురూ బాగా ఒళ్ళుచేసి తిరిగొచ్చారు. జంబుకేశ్వరరావు నెత్తిన ఉన్నికుళ్ళాయి ఉంది. మాడు మలమల మాడుతున్నా ఆయన దాన్ని తియ్యలేదు. తీస్తే విదేశం వెళ్ళొచ్చినట్టు ఎలా తెలుస్తుంది?

సభలో ఆయన చూసొచ్చిన సంగతులు చెప్పాడు.

"ముందు మంచు అడవికి వెళ్ళాం ప్రభూ. అక్కడ పంతులు కావాలంటే పెంగ్విన్లు ఏళ్ళతరబడి చదవాలి. వందమంది అడిగితే ఎవరో ఒకరికి సీటు దొరుకుతుంది. ఒకసారి పంతులయ్యాక ఇక తనిఖీలుండవు. వాళ్ళ మీద అంత నమ్మకం."

"నమ్మకమా? అది మనకు కుదరదు" అన్నాడు రాజు. "ఏళ్ళతరబడి చదవడం మాత్రం రాసుకో."

"తర్వాత కొంగల దీవికి వెళ్ళాం. అక్కడ ఒక కొంగ పాఠం చెబుతుంటే మిగతా పంతులు కొంగలన్నీ వెనక ఒంటికాలి మీద నిలబడి చూస్తాయి. పాఠం అయ్యాక అందరూ కూర్చుని వేడివేడి కషాయం తాగుతూ ఎక్కడ బాగుందో ఎక్కడ చెడిందో మాట్లాడుకుంటారు."

"కషాయం రాసుకో" అన్నాడు రాజు.

"ఆఖరున గద్దల మైదానం. అక్కడ కుర్ర గద్దలకు వేసవిలో గబగబా నాలుగు ముక్కలు చెప్పి, వానాకాలానికి బడిలోకి తోసేస్తారు. ఎగిరితే పంతులు. పడితే ఇంకో గద్ద."

"భలే! అదీ పెట్టు." అప్పటికే రాజుగారికి ఆకలేస్తోంది. అయినా ఒక సందేహం వచ్చింది. "ఆ అడవుల్లో ట్రైనింగులో ఉన్న పంతుళ్ళు పిల్లల ముఖం చూడరా?"

జంబుకేశ్వరరావు బావమరిది వంక చూశాడు. బావమరిది ఆయన వంక చూశాడు. నిజానికి మంచు అడవిలోనూ, కొంగల దీవిలోనూ కొత్త పంతుళ్ళు రోజూ పిల్లల మధ్యకు పోయి, పాత పంతుళ్ళ పక్కన నిలబడి పాఠం చెప్పి, తప్పులుచేసి, చీవాట్లు తిని వచ్చేవారు. గద్దల మైదానంలో కూడా ఒక పెద్ద గద్ద కింద ఎగురుతూ కనిపెట్టుకుని ఉండేది.

"పిల్లలతో ఏదో చేస్తుంటారు ప్రభూ. ఆటవిడుపు కాబోలు. ఆ సమయానికి మాకు భోజనాలు పెట్టేవారు."

అలా ఆటవిడుపు తప్ప మూడు అడవుల పద్ధతులూ ఆ అడవికి వచ్చేశాయి.

గురుశిక్షణ మహావిద్యాలయం ఏనుగుబండ మీద పెట్టారు. ఏనుగుబండ పల్లం మధ్యలో ఉన్న పెద్ద రాతిగుట్ట. గాలి బాగా వస్తుందని జంబుకేశ్వరరావు దాన్ని ఎంచుకున్నాడు. అక్కడ నీటిచుక్క లేదు.

ఈత శాఖకు ప్రిన్సిపాలుగా బిడాలశాస్త్రి అనే పిల్లిని వేశారు. ఈత గురించి ఆయన చదవనిది లేదు. "నీటిని గురించి నేను చదివినంత ఏ చేపా తడవలేదు" అని ఆయనే చెప్పుకునేవాడు. ఒకసారి మంచుబిందువు మీద పడితే మూడుపూటలా ఒళ్ళు నాక్కున్నాడని గిట్టనివాళ్ళు అనేవారు.

బడికి తాళం పడింది. పంతుళ్ళందరూ ట్రైనింగుకు రావాలని డప్పు వేశారు. హంసవేణి అగ్గిమీద గుగ్గిలమైంది. "నాకు ఈత నేర్పేవాడెవడు? వాణ్ణి చూడాలి!" అని రెక్కలు కొట్టుకుంటూ గుట్టెక్కింది.

బిడాలశాస్త్రి ఆవిడ వంక జాలిగా చూశాడు. "రండమ్మా. ఈత అనగానేమి?"

"నీళ్ళలో పడ్డాక మునగకపోవడం."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. అభ్యర్థుల్లో మేనక అనే మేక ఒకతి ఉంది. ఆవిడ వాగులో ఎన్నడూ కాలు తడపలేదు. ఆయన ఆవిడ వైపు తిరగగానే గడగడా చెప్పింది: "ప్రాణి తన సమస్త అవయవముల యొక్క క్రమబద్ధమైన చలనము ద్వారా ద్రవమందు స్థానభ్రంశము పొందుటయే ఈత."

"విన్నారామ్మా?" అన్నాడు శాస్త్రి మెల్లగా.

అభ్యర్థులందరూ వెనక్కి తిరిగి హంసవేణిని చూశారు. ఆవిడకు ముక్కు ఎర్రబడింది. ఇన్నేళ్ళూ స్థానభ్రంశం సంగతి తెలియకుండానే పిల్లల్ని నీళ్ళలోకి దింపింది! వాళ్ళకేమైనా అయ్యుంటే? ఆ రోజునుంచి ఆవిడ నోరెత్తలేదు. మొదటి వరసలో కూర్చుని చెప్పిందల్లా వల్లెవేసింది.

ఏళ్ళతరబడి చదవాల్సిన చదువు వేసవిలో ముగించాలి కాబట్టి బిడాలశాస్త్రి చాలా వేగంగా మాట్లాడేవాడు. ఏమి చెప్పాడో ఎవరికీ తెలిసేది కాదు. అందుకని అందరూ తల ఊపేవారు. పాఠాలు పచ్చి ఆకుల మీద గీకి పంచేవారు. మేనక వాటన్నిటినీ తినేసేది. విషయాన్ని పూర్తిగా జీర్ణించుకున్న అభ్యర్థి అని శాస్త్రి ఆవిడను మెచ్చుకున్నాడు.

మధ్యాహ్నాలు కొంగల పద్ధతి. శాస్త్రి బండ మీద సుద్దతో ఒక గీత గీసి, "ఇది వాగు" అనేవాడు. మేనక గీత పక్కన నిలబడి పాఠం చెప్పేది. మిగతావాళ్ళు ఒంటికాలి మీద నిలబడి చూడబోయి దబదబా పడేవారు. తర్వాత కషాయం. కషాయం మాత్రం నిజంగా బాగుండేది.

ఒకటే ఇబ్బంది. పాఠం చెప్పడానికి పిల్ల కావాలి. గుట్ట మీద పిల్లలు లేరు.

"హంసవేణిగారూ, మీరు పొట్టిగా ఉన్నారు. పిల్ల వేషం మీరే వెయ్యండి" అన్నాడు శాస్త్రి.

ఆవిడ గీత ముందు నిలబడి, "నాకు ఈత రాదు పంతులమ్మా, భయమేస్తోంది" అనాలి. మొదట్లో సిగ్గుపడుతూ అంది. "భావం చాలదు" అన్నారు చూసేవాళ్ళు. ఇంకొంచెం వణుకుతూ అంది. కషాయం దగ్గర అందరూ, "కాళ్ళు కూడా వణికితే బాగుండేది" అన్నారు. మర్నాడు కాళ్ళు వణికించింది. అలా వేసవంతా రోజూ పూటపూటా వణికింది. చప్పట్లు పెరిగేకొద్దీ ఆవిడకు వణుకు బాగా పట్టుబడింది. చివరికి సుద్దగీతను చూస్తేనే నిజంగా కళ్ళు తిరగసాగాయి.

ఇక్కడిలా ఉంటే కింద బడి దగ్గర పిల్లలకు ఏమీ తోచలేదు. పంతులమ్మ వస్తుందేమోనని కొన్నాళ్ళు వరసగానే నిలబడ్డారు. తర్వాత వరస తప్పారు. ఆ తర్వాత తన్నుకున్నారు. తన్నుకోవడం కూడా విసుగొచ్చాక వెలగకాయతో బంతాట మొదలుపెట్టారు.

ఒకరోజు ఎలుగుపిల్ల తన్నిన తన్నుకు వెలగకాయ వెళ్ళి వాగులో పడింది. పడి, తేలుతూ పోసాగింది.

అడవిపంది పిల్ల బుంగడు దాన్ని మధ్యాహ్నం తిందామని కన్నేసి ఉంచాడు. కళ్ళముందే కూడు కొట్టుకుపోతుంటే వాడికి ఆగలేదు. ధబీమని దూకి, గురగురమంటూ వెళ్ళి, వెలగకాయ నోట కరుచుకుని ఒడ్డుకొచ్చాడు.

యువరాజు ఒడ్డున బిగుసుకుపోయి నిలబడ్డాడు. చేపపిల్లను కక్కిననాటినుంచి వాడు నీళ్ళ దగ్గరికి పోవడంలేదు. దాహమేసినా ఎవరైనా దొన్నెతో తెచ్చిస్తేనే తాగుతున్నాడు. "నువ్వెందుకు మునగలేదు?" అని అడిగాడు.

"ఏమో. ధ్యాసంతా కాయ మీదుంది."

"నన్నూ తీసుకెళ్తావా?"

"నువ్వు మీసాలు తడిస్తేనే ఏడుస్తావుగా" అన్నాడు బుంగడు. కానీ యువరాజు ముఖం చూసి జాలిపడ్డాడు. "సరే, మోకాళ్ళ దాకా రా. ఇక్కడ నిలబడు. ఇప్పుడు కాళ్ళతో కొట్టు. ఒరేయ్, నీళ్ళను కొట్టమన్నాను! నన్ను కాదు!"

యువరాజు ఆ రోజు మోకాళ్ళ దాకానే వచ్చి పారిపోయాడు. మర్నాడు బొడ్డు దాకా వచ్చాడు. కుందేలు పిల్లలు వాడి కడుపు కింద చేరి పైకి తోశాయి. మునిగాడు. తుమ్మాడు. ఏడ్చాడు. ఎవరూ చూడలేదు కదా అని చుట్టూ చూశాడు. అందరూ చూశారు. కానీ ఎవరి మునక వాళ్ళకే సరిపోయింది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. అది వాడికి ఎంతో హాయిగా అనిపించింది.

వేసవి వెళ్ళేసరికి పిల్లలందరూ ఎలాగోలా ఈదసాగారు. ఎవరి ఈతా అందంగా లేదు. ఎలుగుపిల్ల వెల్లకిలా ఈదేవాడు. యువరాజు కళ్ళు గట్టిగా మూసుకుని ఈదేవాడు కాబట్టి బుంగడు "కుడి, ఎడమ" అని అరుస్తుండేవాడు.

ఏనుగుబండ మీద పట్టాల పండగ వచ్చింది. సింహరాజుగారే స్వయంగా వచ్చి ఎత్తయిన రాయి మీద కూర్చున్నాడు. మేనకకు ఫస్టు క్లాసు వచ్చింది. "ఉత్తమ విద్యార్థి" పతకం హంసవేణి మెడలో పడింది. ఆవిడ కళ్ళు చెమర్చాయి. పుట్టి బుద్ధెరిగాక సభలో ఆవిడ కోసం చప్పట్లు కొట్టడం ఇదే మొదలు.

జంబుకేశ్వరరావు ఉన్నికుళ్ళాయి సర్దుకుని ఉపన్యాసం అందుకున్నాడు. "నేడు మన అడవిలో ఈత శాస్త్రం వరదలా..."

అంతలో వాన మొదలైంది.

ఆ ఏడు వాన తొందరపడింది. ఉపన్యాసం మాత్రం తొందరపడలేదు. ఆయన "చివరగా ఒక్కమాట" అనేసరికి సుద్దవాగు పొంగి పల్లమంతా నిండింది. "ఇంకొక్కమాట" అనేసరికి ఏనుగుబండ చుట్టూ నీళ్ళే. గుట్ట కిందినుంచి మెల్లమెల్లగా కరిగిపోతున్నట్టు కనబడింది.

"ఈదండి!" అని గర్జించాడు రాజు. "ఇంతమంది ఈత పండితులున్నారు, ఎవరైనా ఈదండి!"

మేనక గట్టిగా నిర్వచనం చెప్పింది. నీళ్ళు తగ్గలేదు. బిడాలశాస్త్రి రాజుగారి జూలులోకి ఎక్కేశాడు. "ప్రభూ, మేము శిక్షకులకు శిక్షకులం. స్వయంగా తడవడం మా పరిధిలోకి రాదు."

అందరి చూపూ హంసవేణి మీద పడింది.

"పంతులమ్మా, నువ్వు బాతువి కదా!" అన్నాడు రాజు.

ఆవిడ నీళ్ళ వంక చూసింది. నిజంగానే కాళ్ళు వణికాయి. "నాకు ఈత రాదు ప్రభూ. భయమేస్తోంది" అంది.

ఎవరో అలవాటుకొద్దీ చప్పట్లు కొట్టారు.

ఆవిడకు ఏడుపు తన్నుకొచ్చింది. అది వేషం కాదని చెప్పబోయింది. నీళ్ళు ఆవిడ వేళ్ళను తాకాయి. ఆవిడ వెనక్కి జరిగింది. బాతు అయ్యుండి నీళ్ళనుంచి వెనక్కి జరిగింది!

అప్పుడే దూరంనుంచి "కుడి, కుడి, ఒరేయ్ కుడి!" అని కేక వినబడింది. ఒక పెద్ద ఎండుమాను వరద మీద ఇటే వస్తోంది. దాని వెనక పిల్లలందరూ వరసగా చేరి కాళ్ళు కొడుతూ తోస్తున్నారు. వరస మొదట్లో కళ్ళు గట్టిగా మూసుకుని ఈదుతున్నది యువరాజు.

"నాయనా!" అన్నాడు రాజు.

మాను గుట్టకు కొట్టుకుని ఆగింది. రాజు ఎక్కాడు, జూలులో పిల్లితో సహా. మేనక ఎక్కింది. జంబుకేశ్వరరావు కుళ్ళాయిని నోట కరుచుకుని ఎక్కాడు. మిగతా పండితులు కొమ్మలకు వేలాడారు. హంసవేణి మాత్రం రాతిని పట్టుకుని కదల్లేదు.

"రండి పంతులమ్మా" అన్నాడు బుంగడు.

"ముందు సిద్ధాంతం చూసుకోవాలి నాయనా. ఎడమకాలు ముందా, కుడికాలు ముందా? మరిచిపోయాను."

బుంగడు మానును వదిలి ఆవిడ దగ్గరికొచ్చాడు. ఆవిడ మెడలోని పతకం తాడు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు.

ఆవిడ కెవ్వుమంటూ నీళ్ళలో పడింది. కళ్ళు మూసుకుని, "పోయాను, పోయాను" అని అరిచింది. కాసేపు అరిచాక, ఇంకా పోలేదేమిటా అని ఒక కన్ను తెరిచింది. తేలుతోంది. కింద కాళ్ళు ఆవిడను అడక్కుండానే కొట్టుకుంటున్నాయి.

"ఒరేయ్ బుంగా! ఇది ఏ పద్ధతిరా?"

"నాకూ తెలీదు పంతులమ్మా. మానుకు మీరు కూడా ఒక చెయ్యి వెయ్యండి."

ఆవిడ ముక్కు ఆనించి తోసింది. వానలో తడుస్తూ, బురదనీళ్ళు మింగుతూ, దారంతా నవ్వుతూనే ఉంది. పతకం ఎక్కడో జారిపోయింది.

అవతలి మెట్ట మీద సభ జరిగింది. రాజు కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని తల నిమురుతూ, "పిల్లలకింత ఈత ఎలా వచ్చింది?" అని అడిగాడు.

"వెలగకాయ వాగులో పడితే..." అని యువరాజు మొదలుపెట్టాడు.

జంబుకేశ్వరరావు చటుక్కున లేచాడు. "శిక్షణ ఫలితం ప్రభూ! మన గురువులు ట్రైనింగులో ఉన్నంతకాలంలో పిల్లలెంత బాగా నేర్చుకున్నారో మీరే కళ్ళారా చూశారు."

అందులో అబద్ధం ఎక్కడుందా అని సభంతా వెతికింది. దొరకలేదు.

రాజు తీర్పు చెప్పాడు. ఇకమీదట గురువులకు ట్రైనింగు శాశ్వతం. ఏ గురువూ బడి ఛాయలకు పోరాదు. బిడాలశాస్త్రికి శాలువా. మిగతా అడవుల్లో మంత్రుల్ని ఎలా తయారుచేస్తారో కూడా చూసిరావద్దా అని దున్నపోతు జంబుకేశ్వరరావును అడిగాడు గానీ, ఆ మాట మాత్రం మంత్రిగారి చెవిన పడలేదు.

వరద తీశాక బడి తెరిచారు. గురువులు రాకూడదని ఆజ్ఞ ఉంది కాబట్టి హంసవేణి తిన్నగా వెళ్ళి పిల్లల్లో చేరిపోయింది. ఆ ఏడు కొత్తగా వచ్చిన కుందేలు కూనల పక్కన వరసలో నిలబడింది. తనిఖీకి వచ్చిన నక్కగారి బావమరిది ఆవిడను ఎగాదిగా చూసి, "ఈ పిల్లకు వయసెక్కువలా ఉందే?" అన్నాడు.

"చదువు కాస్త వెనకబడింది సార్" అన్నాడు బుంగడు. "ట్రైనింగుకు వెళ్ళొచ్చింది పాపం."

నీతి: పిల్లల్ని దరిదాపులకు రానివ్వనంతకాలం ఏ గురుశిక్షణైనా దిగ్విజయమే.